పచ్చి ఆకు మీద ఎండిన మడుగు

“కరువొచ్చినా సరే, ‘వాగు కబురు’ ఒక్క వారం కూడా ఆగదు. ఆకు మాది, రాత మీది. ఇది నా మాట!”

మూడేళ్ల కిందట, ఎర్రవాగు రెండు గట్లూ ఒరుసుకుని పారుతున్న రోజుల్లో, అడవి సాయం సంఘానికి పెద్దగా ఎన్నికైన నక్క దామోదరం అందరి ముందూ అన్న మాట ఇది. ఏదుపంది సూరమ్మ దాన్ని తన పత్రిక మొదటి ఆకు మీద పొల్లు పోకుండా రాసింది.

సూరమ్మ పత్రిక తెలియని ప్రాణి ఆ వాగు పొడవునా లేదు. ఏడు మోదుగాకులను విస్తరిలా పుల్లలతో కుట్టి, తన ముల్లుతో గీసి రాసేది. ఏ దారిలో ఉచ్చులు పన్నారు, ఏ పొదలో ఎవరు ఈనారు, అన్నీ అందులో ఉండేవి. కుందేళ్లు ఇంటింటికీ వేసేవి. ఎలుగుబంటి తన తేనె గురించి వారం వారం ప్రకటన ఇచ్చేది. వార్తలు తెచ్చే పని తీతువు పిట్ట చిట్టిది. దాని అరుపు అపశకునమని అందరూ తిట్టేవారు. నోరు మూసుకోలేని పిట్టే నాకు కావాలని సూరమ్మ దాన్ని ఏరి మరీ పెట్టుకుంది.

తర్వాత రెండేళ్లు వానలు మొహం చాటేశాయి. వాగు ఇసుకైంది. పూలు లేక తేనె లేదు, తేనె లేక ప్రకటన లేదు. మోదుగలు మోడులయ్యాయి. రాలిన ఆకులన్నీ సంఘం పేరుతో నక్క గుహలోకి చేరాయి. సూరమ్మ అక్కడికే వెళ్లింది.

“దామోదరం గారూ, ఆకులు కావాలి. మీరు మాటిచ్చారు.”

“రా సూరమ్మక్కా, కూర్చో. అప్పటి కాలం వేరు. ఇప్పుడు కాలంతోపాటు మనమూ మారాలి కదా! నీ ‘వాగు కబురు’ను నా ‘అడవి వెలుగు’ పత్రికలో కలిపేద్దాం. మొదటి ఆకు మీద ఏం రాయాలో మాత్రం నేను చెబుతాను.”

“ఏం చెబుతారు?”

“కొండవెనక మడుగు ఎండిపోయింది, ఎవరూ అటు వెళ్లొద్దు అని. అంతే. అందరి మేలు కోసమే.”

“చిట్టి వెళ్లి చూసొస్తే రాస్తాను.”

“చూడ్డమెందుకు? చరియ కింద మడుగు, పైనుంచి కనబడదు. దారికి తోడేళ్లను కాపలా పెట్టాం.” నక్క నవ్వు మాయమైంది. “ఆలోచించుకో అక్కా. పత్రిక ఆగితే నీ ముల్లు ఎవరికి కావాలి?”

సూరమ్మ ఒంటిమీది ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి. “నా ముల్లు నా ఒంట్లోంచి మొలిచింది దామోదరం! నువ్విచ్చే ఆకులోంచి కాదు.”

అంత మాటా అని వచ్చిందే గాని, దారంతా అదే ఆలోచన. ఏ చెలమలో నీళ్లున్నాయో చెప్పే పత్రిక ఆగితే, దూడలూ లేళ్లూ వట్టి ఇసుక చుట్టూ తిరిగి కూలిపోతాయి. అలా ఆలోచిస్తూనే వాగులోకి దిగింది. ఇసుకలో తవ్విన చెలమ పక్కన ముసలి ఎద్దు ఓబులేసు నీళ్లు ఊరేదాకా ఓపిగ్గా నిలబడి ఉన్నాడు.

“ఏం అమ్మాయ్, ముళ్లన్నీ లేచున్నాయి. ఎవరి మీద?”

“పత్రిక ఆగిపోతోంది తాతా. ఆకుల్లేవు. ఇంటింటికీ తిరిగే ఓపిక కుందేళ్లకూ లేదు.”

“తిరగడమెందుకు? ఈ కరువులో ఇంట్లో ఎవరున్నారు? తెల్లారితే అందరూ ఇక్కడేగా!”

అంటూ ఓబులేసు పక్కకు జరిగి, చెలమలోంచి తోడిపోసిన తడి ఇసుకలో కాలు పెట్టాడు. కాలు తీస్తే అక్కడ ఇసుక పలకలా చదునైంది. సూరమ్మ దాన్ని చూసింది. మళ్లీ చూసింది.

“తాతా, ఇంకాస్త తొక్కు.”

“నాకు వచ్చిందే అది తల్లీ!”

మర్నాటి నుంచి ‘వాగు కబురు’ తడి ఇసుక మీదే వచ్చింది. చందా ఏమిటంటే, నీళ్లు తాగినవాళ్లు నాలుగు దోసిళ్ల ఇసుక తోడాలి, ఒక వార్త చెప్పాలి. తోడేకొద్దీ నీళ్లూ ఊరాయి, పేజీలూ పెరిగాయి. చదువు రానివాళ్లకు చిట్టి గొంతెత్తి చదివింది. నెల తిరిగేసరికి ఏడు చెలమలు, ఏడు పత్రికలు! ఎలుగుబంటి కూడా తిరిగొచ్చింది. “తేనె లేదు గాని, గోళ్లున్నాయి. ‘చెలమలు తవ్వబడును’ అని వెయ్యి సూరమ్మా” అంది.

నక్క పగలబడి నవ్వింది. “ఇసుక మీద రాతలట! సాయంత్రానికి గాలికి పోతాయి.” దొంగచాటుగా తాగే నీళ్లుండబట్టి అది ఒక్కసారీ చెలమ దగ్గరికి రాలేదు.

ఒకరోజు చిట్టి ఎగురుకుంటూ వచ్చింది. “అక్కా, ఘోరం! ‘అడవి వెలుగు’ కోసం మేకలు ఎగబడుతున్నాయి. ఒక్కొక్కటి పదేసి పట్టుకుపోతోంది. అడవిలో నంబర్ వన్ పత్రిక తనదేనని దామోదరం తోక ఎగరేసుకు తిరుగుతున్నాడు.”

“మేకలకు చదువెప్పుడొచ్చింది?”

మేక బసమ్మ అటే పోతుంటే పిలిచి అడిగారు.

“చదవడమేమిటమ్మా! మేస్తున్నాం. ఇన్నాళ్లూ ఎండు మోదుగాకు. అదంతా అయిపోయిందేమో, ఇవాళ కొత్త రకం వేశాడు. ఎంత మెత్తగా ఉందో!”

చెలమంతా నవ్వులే. సూరమ్మ మాత్రం నవ్వలేదు. బసమ్మ నోట్లోంచి సగం నమిలిన ఆకును లాగి ఇసుక మీద పరిచింది. గుండ్రటి పచ్చి తామరాకు. దాని మీద అందంగా రాసుంది: “కొండవెనక మడుగు ఎండిపోయింది.”

నవ్వులు ఆగిపోయాయి. ఓబులేసు మెల్లగా అడిగాడు: “ఎండిన మడుగులో తామరాకు ఎలా మొలిచింది?”

సూరమ్మ ఆ ఒక్క ప్రశ్నే ఇసుక మీద రాసింది, ఏడు చెలమల దగ్గరా. మధ్యాహ్నానికి అడవంతా కొండవెనక్కు కదిలింది. అంత గుంపును చూసి తోడేళ్లు దారిచ్చాయి.

చరియ కింద నిండు మడుగు. నడిమధ్యన మెడలోతు నీళ్లలో, మర్నాటి పత్రికకు తామరాకులు కోస్తూ దామోదరం!

“మడుగు ఎండిపోయిందన్నావే?” అంది సూరమ్మ.

“అంటే... సంఘం తరఫున లోతు చూస్తున్నానక్కా.”

“ఎంతదాకా ఉన్నాయేంటి?” అన్నాడు ఓబులేసు.

దూడలు పరుగున దిగి తాగుతుంటే, కోసిన ఆకుల కట్టను మేకలు దామోదరం ముందే నమిలేశాయి.

“ఇక ఆకులు దొరుకుతాయిగా, పాత పద్ధతికి వెళ్దామా అక్కా?” అంది చిట్టి.

“ఎక్కడికీ వెళ్లం. మన పత్రికను మోసింది ఆకు కాదు, వీళ్ల కాళ్లూ గోళ్లూ” అని సూరమ్మ తలెత్తుకుని చెలమ వైపు నడిచింది. మర్నాడు తడి ఇసుక మీద మొదట నక్క ఇచ్చిన మాట, దాని కింద ఇలా రాసింది:

“నీతి: మేసేవాళ్లను చదివేవాళ్లనుకుని మురిసినవాడు, తన అబద్ధానికి సాక్ష్యం తానే పంచిపెడతాడు.

సంఘం పెద్దకు: ఇచ్చిన మాట ఎందుకు తప్పావో, నీళ్లెందుకు దాచావో అందరి ముందూ, ఇదే ఇసుక మీద నిలబడి చెప్పాలి. గడువు ఏరువాక పున్నమి.”