చిలుక హోదా

ఒకానొక రాజ్యంలో రాజుగారికంటే రాజమర్యాదలకే పెత్తనం ఎక్కువ. ఆ రాజ్యం మణిదుర్గం, రాజుగారు గజకేసరివర్మ. తుమ్మొచ్చినా మర్యాదల గ్రంథం తిరగేసి, అందులో ఉన్నట్టే తుమ్మే రకం. ఆ గ్రంథాన్ని చంకన పెట్టుకు తిరిగే పెద్దమనిషి విశ్వంభరశాస్త్రి, కోట మర్యాదలన్నిటికీ అధికారి.

రాజుగారికి లేక లేక పుట్టిన ఒక్కగానొక్క కూతురు నీలాంబ. పరిగెత్తేది, గెంతేది, పకపకా నవ్వేది. నాలుగో ఏడు నిండవస్తున్నా నోట ఒక్క మాట మాత్రం లేదు. వైద్యులు నాలుక చూశారు, చెవులు చూశారు, ఏ లోపమూ లేదన్నారు. జ్యోతిష్కులు శాంతులు చేయించారు. గ్రహాలు శాంతించాయేమో గాని పిల్ల పలకలేదు.

చివరికి ఒకనాడు నిండు కొలువులో రాజుగారు తీర్పు చెప్పేశారు.

"మాటరాని పిల్ల సింహాసనానికి తగదు. నలభై రోజుల్లో అమ్మాయికి నాలుగేళ్ళు నిండుతాయి. ఆనాటికీ పలకకపోతే కొండమీది మౌనమఠానికి పంపేసి, మా తమ్ముడి కొడుకును దత్తత చేసుకుంటాం."

తెర వెనక రాణిగారు భోరుమన్నారు. కన్నబిడ్డను మఠానికి పంపుతానన్న మనిషి గొంతు ఇంతైనా వణకలేదే అని కొలువంతా విస్తుపోయింది.

ఆ సమయంలో సింహాసనం పక్కన బంగారు పంజరంలోంచి చిలుక అరిచింది. "మహారాజుకు జయం! జామపండు తే!"

విదూషకుడు తిప్పన లేచి నిలబడ్డాడు. పొట్టి మనిషి, పెద్ద నోరు.

"ప్రభూ, చిన్న సందేహం. ఈ చిలుక ఎన్నాళ్ళలో మాట నేర్చింది?"

"ఆరు నెలల్లో!" రాజుగారు మీసం దువ్వారు. "అందుకే కదా మా చేత్తో దానికి ఆస్థానరత్న బిరుదు ఇచ్చాం."

"ఎవరు నేర్పారు?"

చిలుకను సాకే పోలమ్మను పిలిపించారు. ఆవిడ కొంగు నడుముకు చుట్టుకుని వచ్చి దణ్ణం పెట్టింది.

"నేనేం నేర్పానండీ దొరా? పొద్దస్తమానం దాంతో వాగుతుంటాను. జామపండు చూపిస్తాను, దాచేస్తాను, ఏదమ్మా అంటాను. అది కీచుమంటే నేనూ కీచుమంటాను. అదే ఆటగా ఆడేవాళ్ళం. ఓ నాడు అదే అడిగేసింది."

"బాగుంది. మరి అమ్మాయిగారితో ఇలా ఎవరు వాగుతారు?" అన్నాడు తిప్పన.

శాస్త్రిగారు రెండు చెవులూ మూసుకున్నారు. "శాంతం పాపం! రాజరక్తం తానై పలకరించేవరకు వారి ఎదుట ఎవరూ నోరు విప్పరాదు. గ్రంథం మొదటి పుటలోనే ఉంది. ఆ అపచారం నా హయాంలో ఒక్కనాడూ జరగలేదు. రాకుమారి కంటబడితే నేను ఉత్తరీయంతో నోరు కప్పుకుంటాను."

"దాదులు?"

"సైగలే."

"రాణిగారు?"

తెర వెనకనుంచి సన్నగా జవాబు వచ్చింది. "పెదవులు విప్పకుండా కూనిరాగం తీసేదాన్ని తిప్పన్నా. అంతకుమించి నాకూ అనుమతి లేదు."

"మరి తమరు, ప్రభూ?"

"మహారాజు ముందుగా పలకరించడమా? చిన్నతనం కాదూ!"

నాలుగేళ్ళు! నిండా జనమున్న కోటలో ఒక పసిపిల్లతో ఒక్కరంటే ఒక్కరు ఒక్క మాట మాట్లాడలేదు. ఆ పిల్ల గదిలోకి వస్తే చాలు, అందరి నోళ్ళూ మూతపడ్డాయి. ఇంత ఘోరం నేనైతే మరెక్కడా వినలేదు. పైగా పిల్లకు మాట రాలేదని శాంతులూ, హోమాలూ!

"అయితే ఆ మర్యాద..." అని సేనాపతి నసిగాడు.

"మర్యాద మా ముత్తాతగారు పెట్టింది. మార్చేది లేదు!" రాజుగారు గుడ్లురిమారు. "నీకెందుకయ్యా తిప్పనా? కందకు లేని దురద కత్తిపీటకా?"

"మార్చమనలేదు ప్రభూ. ఆ మర్యాద రాజరక్తానికి కదా? ఈ నలభై రోజులూ అమ్మాయిగారి హోదా మార్చండి. చిలుక హోదా ఇప్పించండి."

మిన్ను విరిగి మీద పడ్డట్టయింది అందరికీ. శాస్త్రిగారి చేతిలోంచి గ్రంథం జారి కాలిమీద పడింది. రాజుగారు కత్తి పిడిమీద చెయ్యి వేశారు.

"మా కూతురికి చిలుక హోదానా? అంత తక్కువదా?"

"తక్కువా?" తిప్పన రెండు చేతులూ జోడించాడు. "తమ చేతుల మీదుగా బిరుదు పొందిన పక్షి ప్రభూ! దాని హోదా తక్కువంటే తమ బిరుదు తక్కువన్నట్టే. అంత మాట తమరే అంటారా?"

రాజుగారు ఇరుక్కుపోయారు. తన బిరుదును తానే తక్కువ చేసుకోలేరు కదా!

"సరే. నలభయ్యో నాడు అమ్మాయి పలకకపోతే, అది మఠానికి, నీ తల కోట గుమ్మానికి."

మర్నాటినుంచి తిప్పనా, పోలమ్మా అంతఃపురంలో చేరారు. మొదటిరోజు పోలమ్మ "రా తల్లీ!" అనగానే నీలాంబ అదిరిపడి మంచం కిందకు దూరింది. ఇంతింత కళ్ళేసుకుని అక్కడే కూర్చుంది. తనవంక చూస్తూ మనిషి మాట్లాడటం ఆ పిల్లకు అదే మొదలు. చూడలేక రాణిగారు ముఖం తిప్పుకున్నారు.

వాళ్ళు బలవంతం చెయ్యలేదు. పలక లేదు, బెత్తం లేదు, "అను, అను" అని వేధించడం లేదు. నేలమీద కూర్చుని గుజ్జనగూళ్ళు వండారు. దాగుడుమూతలాడారు. పిల్ల కిచకిచమంటే వాళ్ళూ కిచకిచమన్నారు. ఏది చేసినా చేస్తున్న పని పేరు చెప్పారు. రాణిగారు కూడా కొంగు దోపుకుని ఇసుక అన్నం వడ్డించారు. "ఇది అమ్మకి, ఇది పాపకి, ఇది నాన్నకి" అంటూ నాలుగేళ్ళ మాటలన్నీ వరదలా కుమ్మరించారు.

తిప్పనది మరో ఆట. అన్నీ తప్పుగా చేసేవాడు. పిల్ల చెప్పు తీసి నెత్తిన పెట్టుకుని, కిరీటం పెట్టుకున్నంత ఠీవిగా నడిచేవాడు.

"కాదు కాదు! అది కాలికి!" అని అరిచేది పోలమ్మ. పిల్ల పడీపడీ నవ్వేది.

పంతొమ్మిదోనాడు తిప్పన చెప్పు నెత్తిన పెట్టుకున్నాడు. పోలమ్మ ఈసారి అరవలేదు. రాణిగారూ ఊరుకున్నారు. నీలాంబ వాళ్ళ ముఖాల్లోకి చూసింది. ఎవరూ ఏమీ అనరేం? కాసేపు ఓపిక పట్టింది. ఇక తనవల్ల కాలేదు.

"కాదూ!" అంది.

రాణిగారు ఉన్నచోటే కూలబడి ఏడ్చేశారు.

నలభయ్యోనాడు కొలువు కిటకిటలాడింది. శాస్త్రిగారు ఉత్తరీయంతో నోరు కప్పుకుని నిలబడ్డారు. నీలాంబను తీసుకొచ్చారు. రాజుగారు గొంతు సవరించుకుని గర్జించారు. "రాకుమారీ! మన వంశనామం సెలవియ్యి!"

పిల్ల బెదిరి పోలమ్మ కొంగు చాటుకు పోయింది. నోట మాట లేదు. రాజుగారు భటులకు సైగ చేశారు.

తిప్పన తాపీగా సింహాసనం మెట్లెక్కాడు. రాజుగారి కిరీటం తీసి పక్కన పెట్టాడు. వంగి ఆయన కుడికాలి చెప్పు తీశాడు. ఆయన నెత్తిన పెట్టాడు.

సేనాపతి కత్తి సగం దూసి అలాగే నిలిచిపోయాడు. రాజుగారైతే చెప్పు తీసెయ్యాలన్న సంగతే మరిచి బొమ్మలా కూర్చున్నారు. మూడొందలమంది పెద్దల్లో ఒక్కరికీ నోరు పెగల్లేదు.

పెగిలింది ఒక్కరికే.

"కాదు! కాదు! అది కాలికి!" నీలాంబ మెట్లమీదకు పరిగెత్తుకొచ్చింది. "నాన్నకి కిరీటం! చెప్పు కాలికి, నాన్నా!"

నాన్నా అన్న మాట చెవిన పడగానే రాజుగారి కళ్ళు నిండిపోయాయి. నెత్తిన చెప్పుతోనే కూతుర్ని ఎత్తుకున్నారు. ఆపైన నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వుకి చెప్పు ఎగిరి కింద పడింది.

"ఓరి తిప్పనా! మా తలమీద చెప్పు పెట్టావా?"

"క్షమించండి ప్రభూ. అది తీస్తే పోతుంది. ఈ పిల్ల నోటిమీద నాలుగేళ్ళు మర్యాద పెట్టాం. అది తీయడానికే నలభై రోజులు పట్టింది."

రాజుగారు తల వంచుకున్నారు. మర్యాదల గ్రంథంలో మొదటి పుట అక్కడికక్కడే చింపించారు. పోలమ్మను రాకుమారికి ఆటల గురువును చేశారు. తిప్పనకు బంగారు గండపెండేరం తెప్పించి, అంతటి మహారాజూ స్వయంగా చేతికందించారు.

గండపెండేరం కాలికి తొడుక్కుంటారని మీకూ తెలుసు, నాకూ తెలుసు. తిప్పన దాన్ని గంభీరంగా నెత్తిన పెట్టుకుని కొలువువంక చూశాడు.

ఇంత అపచారం చూసి శాస్త్రిగారికి ఒళ్ళు తెలియలేదు. నోటిమీది ఉత్తరీయం జారిపోయింది.

"కాదు! కాదు! అది కాలికి!" అని కేక పెట్టారు.

నీలాంబ కళ్ళింత చేసుకుని చప్పట్లు కొట్టింది.

"నాన్నా, నాన్నా! తాతకి మాటలొచ్చాయి!"