ముక్కుపుడక లేని ముక్కుతాడమ్మ

నల్లమల అంచున, కణుతులపెంట గుట్ట మీద వెలసిన ముక్కుతాడమ్మ వారికి ముక్కుపుడక ఉండదు. భక్తులు బంగారు పుడకలు తెచ్చి అర్చకులతో వాదిస్తూనే ఉంటారు. అమ్మవారు పెట్టుకోరు. ఎందుకు పెట్టుకోరో తెలుసుకుని రావలసిందిగా మనవి.

పూర్వం ఇక్కడ ఈదమ్మ అనే వితంతువు, ఆమె ఒక్కగానొక్క కొడుకు అంకన్న ఆవులమందను మేపుకుంటూ బతికేవారు. అంకన్న తలపెట్టిన పని తల్లికి ఇష్టం లేకపోతే చాలు, ఆమెకు పూనకం వచ్చేది. పొరుగూరి సంతకు వెళ్తానంటే పూనకం. పిల్లను చూసి వస్తానంటే పూనకం. "వద్దురా! గుట్ట మీది తల్లిని చెబుతున్నా!" అని ఊగిపోయేది. కొడుకు చెంపలు వేసుకుని కూర్చునేవాడు. మాయమాటతో ఒకరిని తన ఇష్టం వచ్చినట్టు ఆడించడాన్ని ముక్కుతాడు వేసి తిప్పడం అంటారు కదా, అంకన్న బతుకు అచ్చంగా అదే.

ఒక ఏడు వానలు లేక గడ్డి మాడిపోయింది. మందను కొండ అవతలికి తోలుకుపోతానన్నాడు అంకన్న. ఈదమ్మకు పూనకం వచ్చింది. ఆవులు ఒక్కొక్కటే కూలిపోతున్నా అతడు కదలలేదు.

ఒక మధ్యాహ్నం అతడు గుట్ట మీద కునుకు తీయగా అమ్మవారు కలలో కనిపించింది. ఆమె ముఖం విసుగుతో కందిపోయి ఉంది.

"ఎన్నాళ్లురా ఇది? నేను ఒక్కనాడైనా నీకు వద్దని చెప్పానా? మీ అమ్మ నీ ముక్కుకే కాదు, నా ముక్కుకూ తాడు వేసింది. పోయి ఆమెనే అడుగు!" అంటూ తన ముక్కుపుడక ఊడబెరికి విసిరికొట్టింది. మెలకువ వచ్చి చూస్తే విగ్రహానికి పుడక లేదు. అది రాళ్లలో పడి ఉంది.

అంకన్న ఇంటికి వచ్చి మందను విప్పాడు. ఈదమ్మ ఊగడం మొదలుపెట్టింది. ఈసారి అతడు ఆమె రెండు చేతులూ పట్టుకుని, "అమ్మా, ఇది తల్లి మాటా, నీ మాటా?" అని అడిగాడు.

ఈదమ్మ ఊగడం ఆపింది. "నా మాటే నాయనా. నువ్వు పోతే నాకెవరుండారు?" అంది.

"ఆ మాట ముందే చెప్పుంటే నిన్నూ తోడుకుపోయేవాణ్ణి గదమ్మా! ఇన్ని ఆవులు చచ్చేవా?" అని అంకన్న నేల మీద కూలబడి ఏడ్చాడు.

మిగిలిన మందతో తల్లీకొడుకులిద్దరూ కొండ దాటారు. వానలు పడ్డాక తిరిగివచ్చి ఈ గుడి కట్టారు. పుడక పెరికి తన ముక్కుతాడు తానే తెంపుకున్న అమ్మవారు గనుక ముక్కుతాడమ్మ అన్నారు.

నేటికీ ఈ సన్నిధిలో పూనకాలు నిషిద్ధం. మొక్కుకునేవారు తమ పేరు చెప్పి, "ఇది నా మాట తల్లీ" అని కోరుకోవాలి. తల్లీబిడ్డలు, అత్తాకోడళ్లు, దంపతులు ఎదురెదురుగా నిలబడి ఒకరితో ఒకరు అలా చెప్పుకుంటే ఆ ఇంట అరమరికలు తొలగుతాయని నమ్మకం. అమ్మవారు కలలో ఆజ్ఞాపించారంటూ దేవస్థానం కార్యాలయానికి వచ్చే భక్తులకు మరొక్కసారి మనవి: అమ్మవారు అంకన్నకు తప్ప ఎవరికీ ఏమీ చెప్పలేదు. మీకేం కావాలో మీరే చెప్పండి. తల్లి వింటుంది.