కంపల్లో నాటిన మద్దిమొక్క

ఊఁ కొట్టేవాళ్లు ముందుకు రండి, కునికేవాళ్లు వెనక్కి జరగండి. కొండలకు ఇంకా పేర్లు పెట్టని కాలంలో, ఒక కొండ కింది గూడెంలో ఈదమ్మ అనే ముసలమ్మ ఉండేది. కొండమీద ముళ్లకంప కొట్టి, చేలకు దడి కట్టడమే ఆమె బతుకు. దడి కడితే పూటకింత సంగటి దొరికేది.

ఒక వేసవిలో కార్చిచ్చు లేచి కొండమీది చెట్లన్నీ తగలబడ్డాయి. చెట్లు పోయేసరికి గూడేనికి నీళ్లిచ్చే ఊట సన్నబడింది. అది ఎండిపోతే గూడెం ఎత్తేయాల్సిందే.

వానలు పడగానే మద్దిమొక్కలు నాటారు. ఆ గూడెంవాళ్లకు మొక్కంటే పసిబిడ్డ. బిడ్డకు ముల్లు గుచ్చుకోకూడదని, నిప్పుకు చావని కంపనంతా ఈదమ్మచేత కొట్టించారు. నేలను వాకిలిలా ఊడ్చి, మొక్కకు పసుపు రాసి మరీ నాటారు. దుప్పులు వచ్చాయి, మేశాయి, పోయాయి.

మరుసటి వానలకు మళ్లీ నాటారు. ఈసారి ఇంకా శుభ్రంగా ఊడ్చారు. పాపం, ఎంత శ్రద్ధో! దుప్పులు వచ్చాయి, మేశాయి, పోయాయి. విస్తరి వేసి పిలిస్తే రావూ మరి?

ఊట బొటనవేలంత అయింది. గూడెం పెద్ద బయ్యన్న విల్లు తీశాడు.

"దుప్పులన్నా ఉండాల, మనమన్నా ఉండాల" అన్నాడు.

ఈదమ్మ అడ్డం వచ్చింది. "ఆగు నాయనా. పొద్దున పరికిముళ్ల పొద కొడతావుంటే లోపల మద్దిమొక్క కనపడె. దానంతటదే మొలిచింది. ఒక్క ఆకు కూడా కొరకలే. దుప్పి మూతికీ ముల్లు గుచ్చుకుంటాది గదా. ఈ తూరి కంప నడుమనే నాటుదాం."

"కంప కొట్టకుంటే నీకు కూడెట్లవ్వా?"

"ఇన్నాళ్లూ తింటి గదా. ఊట పోతే ఎవురికీ కూడుండదు."

అని తన కత్తి అతని చేతిలో పెట్టేసింది. ఎంత గుండె ఆమెది!

మూడో వానలకు అందరూ పొదల్లో దూరి నాటారు. ముళ్లు చేతులు చీరాయి, బట్టలు చించాయి, నోటినిండా తిట్లు తిట్టించాయి. దుప్పులు వచ్చాయి, మూతి పెట్టాయి, చీదుకుని పోయాయి.

అయితే పొదపైకి తల ఎత్తేదాకా లోపలి మొక్క బయటికి కనపడదు. బతికిందో లేదో తెలియదు. ఈలోగా ఈదమ్మ మంచం పట్టింది. గూడెంవాళ్లే వంతులేసుకుని ఆమెకు సంగటి పెట్టారు. తెచ్చినవాళ్లనల్లా ఆమె అడిగేది, "తల కనపడెనా?"

"ఇంకా లేదవ్వా."

ఆ మాటే వింటూ పోయింది. కొండ పాదాన పూడ్చిపెట్టారు.

ఆ తర్వాతి వానలకు బయ్యన్న కొండెక్కాడు. కంపల పైన మద్దితలలు! ఇక్కడొకటి, అక్కడొకటి, ఆ పైన ఇంకొకటి. అతను గూడేనికి చాటలేదు, ఇంటికీ పోలేదు. నేరుగా ఈదమ్మ సమాధి దగ్గరికి పరుగెత్తి, మట్టికి నోరు ఆనించి అరిచాడు.

"అవ్వా, తల కనపడింది!"

ఊట ఇప్పటికీ పారుతోంది. మొక్క నాటడానికి ఆ గూడెంవాళ్లు ఇప్పటికీ కంప కొట్టరు. పొదపైన కొత్త తల చూసినవాళ్లు, పిల్లలైనా పెద్దలైనా, ఇంట్లో చెప్పకముందే ఈదమ్మ దగ్గరికి వెళ్లి గట్టిగా చెప్పి రావాలి. దారిలో ఎవరు పలకరించినా నిలబడకూడదు. ముసలిది ఎదురుచూస్తూ ఉంటుందట.