మల్లెతీగ "వస్తా" అని చెప్పి పడుకున్న కథ

రండి రండి, దగ్గరికి జరగండి. ఆ మూల కూర్చున్న బుజ్జులూ, మీరూ ఇటు రండి, అంత దూరానికి నా గొంతు చాలదు. కాళ్ళు దుప్పట్లో పెట్టుకున్నారా? ఒక్కసారి "కృష్ణా" అనండి. ఊహూ, ఇంకొంచెం గట్టిగా! ఆఁ, అదీ. ఇక వినండి.

ఒకప్పుడు మల్లెతీగ ఏడాది పొడుగునా పూసేది. ఎండల్లో పూసేది, వానల్లో పూసేది, పుష్యమాసంలోనూ పూసేది. ఎందుకంటే అప్పటికి చలికి మన కొండల దారి తెలియదు. హిమాలయాల్లోనే ఉండేది.

మన కొండమీద వరహాలమ్మ అనే ఆవిడ ఉండేది. ఆవిడ వంటింటి గోడ పక్క నుంచి ఒక మల్లెతీగ చూరెక్కి పాకేది. రోజూ ఆ పూలతో మాల కట్టి, ఇంట్లోని వేణుగోపాలస్వామికి వేసేది.

ఒక ఏడు చలికి మంచుకొండల్లో విసుగు పుట్టింది. తిరుగుతూ తిరుగుతూ మన కొండకి వచ్చేసింది. వస్తూనే బీరపాదుని ముట్టుకుంది. పాదు నల్లబడిపోయింది! కాకరపాదుని ముట్టుకుంది. అదీ వాడిపోయింది!

తరువాత మల్లె దగ్గరికి వచ్చింది. "ఏమే పూలపిల్లా, భలే మెత్తగా ఉన్నావే! రేపు పొద్దున్నే నీ వంతు" అంది.

పాపం, వరహాలమ్మ హడలిపోయింది. ప్రేమకొద్దీ కడవలకి కడవలు నీళ్ళు తెచ్చి పోసింది.

"అయ్యో అమ్మా, నీళ్ళు వద్దే! అసలే కాళ్ళు కొంకర్లు పోతుంటే పైనుంచి స్నానమా?" అని ఏడ్చింది మల్లె. "నన్ను పడుకోనీ. ఆకులు దూసెయ్యి, పూలు అడక్కు. వేళ్ళలో ముడుచుకుని పడుకుంటే బతుకుతాను."

"మరి స్వామికి మాల ఎలాగే?" అంది వరహాలమ్మ.

స్వామి వైపు చూసింది. ఆయన నవ్వుతున్నాడు. నోట్లో వేణువుంది కదా, మాట్లాడే వీలేదీ!

ఆవిడే ఆలోచించుకుంది. "స్వామీ, కొన్నాళ్ళు తులసి దళంతో సర్దుకో. ఈ పిల్ల పోతే మళ్ళీ రాదు" అని దణ్ణం పెట్టుకుంది. ఆకులన్నీ దూసింది. తీగ మొదలు చుట్టూ ఎండుగడ్డి కప్పి, పైన గోనెపట్ట చుట్టింది.

మల్లె ఆవలించింది. "వస్తానమ్మా" అని లోపలికి వెళ్ళిపోయింది.

గోడ వెనక నక్కి వింటోంది చలి. "ఆహా! వస్తానంటోంది! తనే వస్తుంటే నాకెందుకు శ్రమ?" అని అరుగు మీద చతికిలబడింది.

వెళ్ళేటప్పుడు మనం "వస్తా" అంటామని దానికేం తెలుసు? ఎక్కడి నుంచో వచ్చింది కదా!

రోజూ పొద్దున్నే అడిగేది: "ఏదీ మీ పిల్ల?"

"వస్తానందిగా!" అనేది వరహాలమ్మ. అబద్ధమా? కాదు కదా!

ఒకనాడు ఆవిడ మరిది బంగారయ్య వచ్చాడు. "వదినా, ఈ బోడిపుల్లలకి గోనెపట్ట చుట్టావా? చలికి నాకే కప్పుకోను దుప్పటి లేదు! ఈ పుల్లలు పీకి ఇలా ఇవ్వు, నీళ్ళ పొయ్యిలోకి పనికొస్తాయి" అని తీగమీద చెయ్యి వేశాడు.

"ఆగు మరిదీ!" అంది వరహాలమ్మ. పుల్లమీద గోటితో చిన్నగా గీరింది. బెరడు కింద సన్నని పచ్చగీత!

బంగారయ్య నోరు తెరిచాడు. "బతికే ఉందా?"

"ష్ష్! అరుగు మీద చలి కూర్చుంది, వింటుంది!"

ఎదురుచూసి ఎదురుచూసి చలికి నడుం పట్టేసింది. మాఘం దాటింది. సూర్యనారాయణమూర్తి ఎండ పెంచాడు. చలికి చెమటలు పట్టాయి.

"మీ పిల్లకి మాటమీద నిలకడ లేదు, నేను పోతున్నా" అని లేచింది. రెండడుగులు వేసి ఆగి, తల గోక్కుంది. అప్పుడు అర్థమైంది! వెనక్కి తిరిగి నవ్వుతూ, "వరహాలమ్మా... వస్తా!" అంది.

నేర్చేసుకుంది, చూశారా! అందుకే ఏటేటా వస్తోంది.

అది కొండ దిగగానే వరహాలమ్మ గోనెపట్ట తీసి చెంబెడు నీళ్ళు పోసింది. చైత్రానికల్లా తీగ నిండా మొగ్గలు. స్వామికి నిలువెత్తు మాల!

అప్పటినుంచే మల్లెతీగ చలికాలంలో ఆకులు వదిలేసి పడుకుంటుంది, ఎండాకాలంలో లేచి విరగబూస్తుంది.

బుజ్జులూ, ఈ కథలో ఒక్క పని గుర్తుపెట్టుకోండి. మీ ఇంట్లో తీగ ఏదైనా మోడుగా కనిపిస్తే, పీకేముందు గోటితో ఒక్కసారి గీరి చూడండి. పచ్చగా ఉందా? అయితే చప్పుడు చెయ్యకుండా పక్కకి వచ్చెయ్యండి. పసిపిల్ల నిద్రపోతోంది.