చెంబెడు వాన

దొరలు కొత్తగా వచ్చిన రోజుల్లో, కచేరీ కప్పుకి పెంకులు చేసిస్తానని కుమ్మరి గవరయ్య ఒప్పుకున్నాడు. నాలుగు రోజుల ముసురుకి పచ్చి పెంకులు ఆరక గడువు దాటిపోయింది.

దుబాసీ అచ్యుతం పంతులు తన ఇంగ్లీషు మాటల పుస్తకం తిరగేశాడు. "జల్లన్నా ముసురన్నా ఇంగ్లీషులో రెయినే. పోయిన నెల రెయిన్‌లో పెంకులిచ్చినవాడు ఇప్పుడివ్వలేదంటే బద్ధకమే. పది కొరడా దెబ్బలు వేయించండి," అన్నాడు దొరతో.

దొరకి తెలుగు మాట్లాడటం రాదుగానీ అర్థమవుతుంది. అది గవరయ్యకి తెలుసు.

"చిత్తం దొరా. ముందు చెంబెడు నీళ్లు పంతులుగారి నెత్తిన ఒక్కసారిగా పోస్తాను. అది జల్లు. ఇంకో చెంబెడు చిల్లికుండలోంచి సాయంత్రందాకా చుక్కచుక్కగా వదుల్తాను. అది ముసురు. రెండూ ఒకటేనని అప్పుడు కూడా ఆయనంటే నన్ను ఇరవై కొట్టండి."

దొర నవ్వి పంతులుకి కుర్చీ వేయించాడు.

మొదటి చెంబుకి పంతులు కండువాతో తల తుడుచుకున్నాడు. చిల్లికుండ పదకొండో చుక్కకి పుస్తకం తెరిచాడు.

"ముసురుకి వేరే మాట రాస్తాలే. గడువూ పెంచుదాం. ఇంతకీ అదెన్నాళ్లుంటుంది?"

"అది మాకూ తెలీదు బాబూ," అన్నాడు గవరయ్య. "కూర్చోండి, చూద్దాం."