ఆఖరి నీళ్ళు ఎప్పుడొస్తాయి?

ఒకప్పుడు పాపికొండల్లో గోదారికి దారే లేదు. అక్కకొండ, చెల్లికొండ ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చునేవి. మీ అరచేతులు రెండూ ఆనించి చూడండి పిల్లలూ, మధ్యలో వెలుతురైనా దూరదు. అంత దగ్గరగా!

ఆ కొండల మీది మనుషులకు ఒక పద్ధతుంది. సంతకు ఇరుకు బాటలో ఒకరి వెనక ఒకరు పోతారు. బరువు మోసేవాళ్ళు ఎదురైతే, ఖాళీ చేతులవాళ్ళు తప్పుకోవాలి. వరసలో చివరి మనిషి "నేనే ఆఖరు" అనేదాకా మళ్ళీ బాటెక్కకూడదు. రోజూ చూసి కొండలు కూడా అది నేర్చుకున్నాయి.

ఒక వానాకాలం గోదారి వచ్చింది. నెత్తిన ఎర్రమట్టి, చంకలో దుంగలు.

"అక్కా, సముద్రానికి పోవాలి. కాస్త తప్పుకోవూ?"

"ఎంతసేపే?" అంది చెల్లి. అక్క పక్కన లేకపోతే దానికి భయం.

"ఎంతసేపేంటి, ఇట్టే పోతా!"

"జరుగు చెల్లీ. బరువుతో వచ్చినవాళ్ళని నిలబెట్టకూడదు," అంది అక్క.

రెండూ చెరోపక్కకు జరిగాయి. అంత వెడల్పు గోదారీ ఒళ్ళు ముడుచుకుని, లోతుగా దిగి, మధ్యలోంచి సాగింది.

సాయంత్రం చెల్లి అడిగింది, "నువ్వేనా ఆఖరు?"

"నేను కాదు, నా వెనక ఉన్నారు," అన్నాయి నీళ్ళు.

చలికాలం పోయింది. ఎండాకాలం నీళ్ళు సన్నబడ్డాయి. చెల్లి ఆశగా వంగింది. "ఇప్పుడు?"

"వెనక ఉన్నారు."

వెదురుబుట్టతో ఎగువ నుంచి వస్తున్న ముసలి కోసమ్మను అక్క ఆపింది. "వరస ఎందాకా ఉందమ్మా?"

కోసమ్మ బుట్ట దించింది. "పిచ్చితల్లీ! ఆ పద్ధతి మనుషులకి. నదికి ఆఖరెక్కడిది?"

"ముందే చెప్పకపోయావే?"

"నన్నెవరడిగారు?"

చెల్లికి ఏడుపు ముంచుకొచ్చింది. "అక్కా, మూసేద్దాం. నీ దగ్గరికొచ్చేస్తా."

అక్క కిందికి చూసింది. నీళ్ళలో చేపలు ఈదుతున్నాయి. దిగువన పశువులు తాగుతున్నాయి.

"రమ్మని దారిచ్చి, మధ్యలో నొక్కేస్తామా?" అంది.

చెల్లి ఉన్నచోటే ఉండిపోయింది. గోదారి ఆ మాట విన్నది. ఇట్టే పోతానని చెప్పినందుకు సిగ్గుతో దాని నోరు పడిపోయింది.

అప్పటినుంచే, గలగలమంటూ వచ్చే గోదారి ఆ కొండల మధ్య మాత్రం చప్పుడు చెయ్యకుండా పోతుంది. పడవల్లో వచ్చినవాళ్ళు అటూ ఇటూ చూసి "ఎంత బాగుందో!" అని అరుస్తారు. ఎవరు అరిచినా చెల్లికొండ ఉలిక్కిపడి, ఆ మాటనే అక్కకు అందిస్తుంది. అది "నేనే ఆఖరు" అన్న మాటేమోనని.

ఇంతవరకూ అది ఆ మాట కాలేదు.