నోటి నిండా నీళ్లు

కామేశానికి ఒకటే బెంగ. విందుకి పిలిచి, ఆకులు వేసి, ఎవరూ రాక కూర్చున్నవాడి బెంగ.

చెరువుల్లో, ఏటి గట్టుల్లో బతికే కంటికి కనపడని జీవులన్నిటి డీఎన్‌ఏనీ చదివి, ఆ సమాచారమంతా ఒక్కచోట పోగేసి, ఎవరైనా వెతుక్కునేలా కంప్యూటర్లో ఒక సాధనం తయారుచేశాడు. మూడేళ్లు పట్టింది. అందరికీ అందుబాటులో పెట్టి ఏడాదైంది. ఒక్కరంటే ఒక్కరు దాన్లోంచి ఏమీ పట్టుకెళ్లలేదు.

"జనానికి అడగడం చేతకాదు మాస్టారూ," అన్నాడు ఉక్రోషంగా, తన గురువు సన్యాసయ్య మాస్టారితో. కామేశం పనిచేసే పరిశోధనశాలలో అందరికంటే పెద్దాయన. మాటలు మహా పొదుపు.

"ఎవరైనా వస్తే నాకు చెప్పు," అన్నారాయన.

ఆ వారమే ఒకావిడ వచ్చింది. పేరు పైడమ్మ. చిన్న కాలేజీలో బోటనీ చెబుతుందట. రెండు బస్సులు మారి వచ్చింది.

"మా ఊరి పక్కన నెమలిపాడు ఆవ ఉండేదండి, పేద్ద మడుగు. ఆ నీళ్లు పారిన పొలానికి మా నాన్న ఎరువు వేసేవాడే కాదు. ఆ నీళ్లలో ఏముండేదో తెలుసుకుందామని నా ఆరాటం. ఇప్పుడు పూడ్చేశారు లెండి. చూద్దామన్నా లేదు."

కామేశం కుర్చీలోంచి సగం లేచాడు. నాలుగేళ్ల కిందట ఆ ఆవలో, మోకాలిలోతు బురదలో దిగి సీసా నింపింది తనే! చెప్పబోయాడు.

కామేశం కబురుతో వచ్చి కూర్చున్న మాస్టారు గ్లాసుతో మంచినీళ్లు అందించారు. "నోట్లో పోసుకో. ఆవిడ లేచేదాకా మింగకు, ఉమ్మకు."

గురువు మాట, కాదనడానికి లేదు. బుగ్గలు పూరీల్లా ఉబ్బించుకుని ఓ మూల కూర్చున్నాడు మహానుభావుడు.

పైడమ్మ కంప్యూటర్ ముందు కూర్చుంది. మొదటి గడిలో 'నమూనా సంఖ్య' అని ఉంది. కాసేపు ఆలోచించి, 'నెమలిపాడు ఆవ' అని టైప్ చేసింది.

'ఫలితాలు: సున్నా.'

ఉంది తల్లీ, ఉంది! నాలుగువందల పన్నెండు అని కొట్టు! కామేశం లోలోపల గిలగిల్లాడిపోయాడు. మాస్టారు కిటికీలోంచి సముద్రం చూస్తున్నారు.

ఆవిడ ఊరి పేరు కొట్టింది. మండలం పేరు కొట్టింది. సున్నా, సున్నా.

"ఇంటి దగ్గర్నుంచి కూడా చాలాసార్లు అడిగానండి, ఇదే మాట. ఇక్కడికొస్తే ఉంటుందేమోనని ఆశ." బ్యాగు సర్దుకుంది. "పోన్లెండి, మా ఆవని ఎవరు పట్టించుకుంటారు?" కళ్లు తుడుచుకుని లేచింది.

కామేశం గుటుక్కున మింగేశాడు. "ఉందండీ! మీ ఆవ ఉంది!"

తనే నాలుగువందల పన్నెండు కొట్టగానే తెర నిండా ఆ నీళ్లలోని జీవుల పేర్లు బారులు తీరాయి. పైడమ్మ మళ్లీ కూర్చుంది. ఒక్కో పేరు మీదా వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, బస్సు వేళ అయ్యేదాకా చదువుకుంది.

ఆవిడ వెళ్లాక కామేశం ఉండబట్టలేక అడిగేశాడు. "ముందే చెప్పనిస్తే ఆవిడ ఏడ్చేది కాదు కదా మాస్టారూ!"

"ఇంటి దగ్గర ఏడ్చినప్పుడు నువ్వెక్కడున్నావురా?" అన్నారు మాస్టారు.



మర్నాడు పొద్దున్నే కామేశం ఊళ్లోని కాలేజీలకి ఫోన్లు చేసి, ఎవరైనా సరే రమ్మన్నాడు. తన కుర్చీ మూలకి జరుపుకున్నాడు. గ్లాసు నిండా నీళ్లు పట్టుకుని, గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాడు.